పేరు గుర్తురానప్పుడు నోటికి వచ్చే పేరు: థింగమజిగ్

నమస్కారం. ఈ భాగం చిత్రీకరణకు సిద్ధమవుతూ కెమెరాను స్టాండు మీద బిగించబోతే, కెమెరా అడుగున మరతో బిగించి స్టాండు గాడిలోకి తోసే చిన్న చదరపు పలక కనిపించలేదు. రోజూ వాడే వస్తువే, దాని పేరూ నాకు తెలిసినదే. అయినా ఆ క్షణంలో ఆ పేరు నాలుక మీద ఆడుతూనే బయటికి రానని మొండికేసింది. "ఆ అదేంటదీ, కెమెరా కింద పెడతామే, అది కాస్త ఇలా అందుకోండి" అని సహాయకుణ్ణి అడుగుతున్నంతసేపూ నా బొటనవేలూ చూపుడువేలూ గాలిలో లేని మరను తిప్పుతూనే ఉన్నాయి. ఆయన నా మాటలకంటే నా వేళ్ళనే ఎక్కువగా గమనించి ఉంటారు. బల్ల కింద పడి ఉన్న పలకను తీసి చేతికిచ్చారు. దానిని క్విక్ రిలీజ్ ప్లేట్ అంటారన్న సంగతి అవసరం తీరిపోయిన పావుగంటకు తీరిగ్గా గుర్తుకు వచ్చింది.

నేను "అదేంటదీ" అన్న చోట ఇంగ్లీషు మాట్లాడేవారు పలికే మాట థింగమజిగ్. నిఘంటువులు దీనికి ఎదురుగా గిజ్మో, డూహికీ, కంట్రాప్షన్ వంటి అరడజను మాటలను ఒకే వరుసలో నిలబెట్టి, ఇవన్నీ పర్యాయపదాలని చెబుతాయి. ఆ వరుసను నమ్మి ఒకదానికి బదులు మరొకటి వాడితే ఎక్కడ పొరపాటు పడతామో ఈ పూట వివరంగా చూద్దాం.

ముందుగా మాట పుట్టుక. థింగ్ అంటే వస్తువని అందరికీ తెలుసు. 17వ శతాబ్దంలోనే దానికొక తోక తగిలించి థింగమ్ అన్నారు. ఆ తరువాత థింగమ్మీ, థింగమబాబ్ వచ్చాయి. 19వ శతాబ్దం తొలినాళ్ళకు థింగమజిగ్ అచ్చులో కనిపించింది. ఆ తోకకు విడిగా అర్థం వెతకడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం. మనసు పేరు కోసం తడుముకుంటున్న రెండు క్షణాలూ నోరు ఊరకుండకుండా చూడడమే దాని పని. నోటి నుంచి నోటికి పాకిన మాట కనుక దీని వర్ణక్రమం ఒకచోట ఒకలా, మరొకచోట మరొకలా కనిపిస్తుంది. పలికేటప్పుడు మాత్రం ఊనిక మొదటి అక్షరం మీదనే ఉంటుంది.

వాడుకలో దీనికి ముందు చాలావరకు దట్, దిస్, ద వంటి మాట ఒకటి వస్తుంది. "పాస్ మీ దట్ థింగమజిగ్" అన్నారంటే వస్తువు ఇద్దరి కళ్ళ ముందూ ఉన్నట్టు లెక్క. వస్తువు ఎదురుగా లేకపోతే అది చేసే పనినో, ఉండే చోటునో జతచేస్తారు: "ద థింగమజిగ్ యు ఓపెన్ బాటిల్స్ విత్" అంటే సీసా మూత తీసే అదేదో అన్నమాట. ఆ ఆనవాలు లేకుండా, మన పనితో పరిచయం లేని వ్యక్తి ముందు ఈ మాట పలికితే, ఎదుటివారి ముఖంలో ప్రశ్నార్థకం తప్ప మరేమీ రాదు. ఒప్పంద పత్రంలోనూ, ఉద్యోగ దరఖాస్తులోనూ దీనికి చోటు లేదని వేరుగా చెప్పనక్కరలేదు.

పేరు మరిచిపోయి కూడా వస్తువును అంత కచ్చితంగా ఎలా వర్ణించగలుగుతాం? రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1966లో ప్రచురించిన పరిశోధనలో, అరుదైన మాటల అర్థాలను విద్యార్థులకు చదివి వినిపించి, ఆ మాట ఏదో చెప్పమన్నారు. సరిగ్గా గుర్తురాక నాలుక చివర ఆగిపోయినవారు సైతం ఆ మాట ఏ అక్షరంతో మొదలవుతుందో, దానిలో ఎన్ని అక్షర ఖండాలు ఉంటాయో చాలాసార్లు సరిగానే చెప్పగలిగారు. అంటే అర్థం చేతిలోనే ఉంటుంది, ధ్వని రూపంలో కొంత మాత్రమే జారిపోతుంది. ఆ ఖాళీలోనే థింగమజిగ్ వచ్చి కూర్చుంటుంది.

ఇక పర్యాయపదాల దగ్గరకు వద్దాం. బ్రిటన్‌లో నిత్యం వినిపించేది పొట్టి మాట థింగీ. వాచమకాలిట్ అనేది "దానిని ఏమంటారో" అనే పూర్తి వాక్యం నలిగి నలిగి ఒక్క మాటగా మారినది. డూహికీ అమెరికా వారిది, ఇంచుమించు థింగమజిగ్‌తో సమానమే. అసలు తేడాలు తక్కిన వాటిలో ఉన్నాయి. డూడాడ్ అంటే చిన్నదీ, అలంకారానికి తప్ప పెద్దగా అక్కరకు రానిదీ అన్న ఛాయ ఉంది. గిజ్మో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నావికుల నోట పుట్టి వ్యాపించిన మాట; దానిలో కొత్తదనమూ, తెలివైన యంత్రమన్న మెచ్చుకోలూ వినిపిస్తాయి. కంట్రాప్షన్‌లో మెచ్చుకోలు లేదు; ఎక్కడెక్కడివో ముక్కలు తెచ్చి అతికించిన ఆ యంత్రం పనిచేస్తుందో లేదోనన్న అనుమానం ఆ మాటలోనే ఉంది. మిత్రుడు కొత్తగా కొన్న పరికరాన్ని గిజ్మో అంటే సంతోషిస్తాడు, కంట్రాప్షన్ అంటే ముఖం ముడుచుకుంటాడు. నిఘంటువు వరుస ఈ ముఖం ముడుచుకోవడాన్ని చెప్పదు.

మనుషుల విషయంలో వాట్సిజ్‌నేమ్ అంటారు, మన "వాడెవడో" లాగా. ఈ తడబాటును వేళాకోళానికి వాడుకోవడం కొత్తేమీ కాదు. షేక్‌స్పియర్ "యాజ్ యు లైక్ ఇట్" నాటకంలో విదూషకుడు, జేక్వెస్ అనే పెద్దమనిషిని "మాస్టర్ వాట్-యి-కాల్ట్" అని పిలుస్తాడు. జేక్వెస్ అన్న పేరు నాటి ఇంగ్లీషులో మరుగుదొడ్డి అనే మాటకు దగ్గరగా వినిపించేది కనుక, మర్యాద కోసం పేరు మింగినట్టు నటించి అసలు సంగతి అందరికీ గుర్తుచేయడమే అక్కడి చమత్కారమని వ్యాఖ్యాతలు చెబుతారు.

మరుపు నటన తిరస్కారంగానూ పదునెక్కుతుంది. ఫ్రెంచిలో థింగమజిగ్‌కు సాటివచ్చే మాట మషాఁ. 1960లో ఫ్రాన్స్ అధ్యక్షుడు చార్లెస్ డి గాల్ ఐక్యరాజ్యసమితిని ఆ మాటతోనే, "ఐక్యరాజ్యసమితి అని పిలిచే ఆ అదేదో" అన్న ధోరణిలో ప్రస్తావించారు. పేరు ఆయనకు బాగా గుర్తుంది, అదే వాక్యంలో పలికారు కూడా. అయినా అంతకంటే గట్టి ఈసడింపు మరొకటి దొరకడం కష్టం.

చివరిగా విడ్జెట్. 1924లో అమెరికాలో ప్రదర్శించిన "బెగ్గర్ ఆన్ హార్స్‌బ్యాక్" నాటకంలో, ఫలానా అని తేలని ఒక సరుకుకు ఆ పేరు పెట్టారు. తరువాత అర్థశాస్త్ర పాఠాలలో కర్మాగారం ఏం తయారుచేస్తుందో చెప్పనవసరం లేనప్పుడు విడ్జెట్లు తయారుచేసింది. ఇప్పుడది ఫోను తెర మీద గడియారాన్నో వాతావరణాన్నో చూపే చిన్న గడికి స్థిరమైన పేరైంది. నిన్న దానిని తెర మీద పెట్టుకోవడం ఎలాగో ఒకరికి చెప్పబోయి, ఆ పేరు కూడా గుర్తురాక, "ఆ తెర మీది థింగమజిగ్‌ను వేలితో అదిమి పట్టుకోండి" అన్నాను.