తెర వెనక కొట్లాట: చూపించని ఫైట్లలో ఏవి నెగ్గాయి, ఏవి తేలిపోయాయి

నమస్కారం. నేరుగా ఫైట్ సీన్‌లోకి వెళ్లిపోదాం. వాలి మాయావి అనే రాక్షసుణ్ణి తరుముకుంటూ గుహలోకి దూరాడు. తమ్ముణ్ణి బయటే ఉండమన్నాడు. ఏడాది గడిచింది. ఒకరోజు గుహలో నుంచి నురుగుతో కలిసి నెత్తురు పారుకుంటూ వచ్చింది. లోపల రాక్షసుల అరుపులు వినిపిస్తున్నాయి, అన్న గొంతు మాత్రం లేదు. అన్న పోయాడనుకున్నాడు సుగ్రీవుడు. కొండంత బండను గుహకు అడ్డం పెట్టి, తర్పణాలు వదిలి, కిష్కింధకు తిరిగొచ్చాడు. లోపల గెలిచింది మాత్రం వాలి.

వాల్మీకి ఈ పోరాటంలో మనకు ఒక్క గుద్దు కూడా చూపించడు. కారణం సులువు. ఈ కథను రాముడికి చెప్తున్నది సుగ్రీవుడే కాబట్టి అతను చూడనిది మనమూ చూడం. ఇక దాని ఫలితాలు లెక్కపెట్టండి. అన్నదమ్ముల పగ, ఋశ్యమూకంలో తలదాచుకోవడం, రాముడితో స్నేహం, చెట్టు చాటు బాణం, వానరసేన, వారధి. ఇన్నిటికీ మూలం ఎవరూ చూడని కొట్లాట. లోపల ఎవరు గెలిచారో సుగ్రీవుడికి ఒక్క నిమిషం కనిపించి ఉంటే కిష్కింధకాండ ఇలా ఉండేది కాదు.

ఈరోజు రివ్యూ ఒక సినిమా మీద కాదు, ఒక రకం సీన్ మీద. కథలో ఫైట్ జరుగుతుంది, మనకు చూపించరు. అది ఎప్పుడు గుండెలో పడుతుంది, ఎప్పుడు టికెట్ డబ్బులు పోయాయనిపిస్తుంది? కోనసీమలో మా ఇంటి డాబా మీద కూర్చుని మాట్లాడుతున్నాను, వెనక చప్పుడు వస్తే ఏమీ అనుకోకండి. అది కోత మిషను. చూశారా, మీకు మిషను కనిపించలేదు, అయినా చేను కనిపించింది. మన పని దీంతోనే.

ముందు నాకు చిరాకు తెప్పించే రకం చెప్పేస్తాను. హీరో పదిమంది రౌడీలతో గదిలోకి వెళ్తాడు, తలుపు మూసుకుంటుంది. ధన్, ధన్, గ్లాసు పగిలిన చప్పుడు, ఎవరో అమ్మా అన్న కేక. తలుపు తెరుచుకుంటుంది. హీరో చొక్కా చేతులు మడుచుకుంటూ బయటికి వస్తాడు. ఎన్నిసార్లు చూశామండీ! కామెడీ కోసం ఒకసారి వాడితే నవ్వుతాం, బయటికి వచ్చినవాడు మనం అనుకున్నవాడు కాకపోతే ఇంకా బాగా నవ్వుతాం. కానీ కథంతా ఎదురుచూసిన దెబ్బను ఇలా దాటేస్తే కోపం వస్తుంది. వెబ్ సిరీస్‌లలో దీనికి ఇంకో రూపం ఉంది. ఎనిమిది భాగాల పాటు ఇద్దరూ ఒకరి మీద ఒకరు పళ్లు నూరుతారు. చివరికి ఎదురెదురుగా నిలబడతారు. తెర నల్లబడుతుంది. ‘మూడు నెలల తర్వాత’ అని అక్షరాలు పడతాయి. అక్కడ దాచడం వల్ల కథలో ఎవరికీ ఏమీ కాలేదు, నష్టపోయింది చూసేవాడు మాత్రమే.

అందుకే చూపించని ఫైట్ ఎదురైనప్పుడల్లా నేను ఒకటే అడుగుతాను. బయట ఎవరు నిలబడి ఉన్నారు? లోపల జరిగేది చూడలేక, తెలియక, తెలిస్తే బతుకు మారిపోయే మనిషి ఒకరు బయట ఉన్నారా? ఉంటే ఆ ఫైట్ దాచినా దక్కుతుంది.

సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేల బరి దగ్గర వెనక వరసలో నిలబడ్డవాళ్లకు ఇది నేను విడమరచి చెప్పనక్కర్లేదు. వెనక నుంచి కోడి కనిపించదు, ముందున్నవాళ్ల వీపులు కనిపిస్తాయి. పై పందెం కాసినవాడి మెడ నరం కనిపిస్తుంది. డేగ పుంజు మీద ఇంత అని అరుస్తున్న గొంతు సగంలో ఆగిపోతుంది. పుంజు పడిందని మనకు అప్పుడు అర్థమవుతుంది. కత్తులు కట్టి ఆడించే పందేలను చట్టం ఒప్పుకోదు, నేను మెచ్చుకోవడమూ లేదు. జనం ముఖాల గురించే చెప్తున్నాను.

మన పాత నాటకాల వాళ్లకు ఇది బాగా తెలుసు. భరతుడి నాట్యశాస్త్రం యుద్ధం, రాజ్యం పోవడం, మరణం, నగర ముట్టడి లాంటివి అంకంలో నేరుగా చూపించవద్దంటుంది. ప్రవేశకం లాంటి చిన్న రంగాల ద్వారా, పాత్రల మాటల్లో తెలియజేయమంటుంది. గ్రీకు విషాద నాటకాల్లోనూ హింస చాలావరకు లోపలే జరుగుతుంది, వార్తాహరుడు వచ్చి చెప్తాడు. నియమం ఉండటం వేరు, దాన్ని ఆయుధంగా వాడుకోవడం వేరు. వాడుకున్నవాడు సంస్కృత నాటకకర్త భాసుడు. నాటకం పేరు ఊరుభంగం.

అందులో భీముడికీ దుర్యోధనుడికీ గదాయుద్ధం. భారత యుద్ధంలో ఇంతకంటే పెద్ద క్లైమాక్స్ ఫైట్ ఉందా? దాన్ని భాసుడు వేదిక మీదికి తేలేదు. ముగ్గురు భటులు రంగం మీదికి వచ్చి, శవాలతో నిండిన యుద్ధభూమిని ముందు వర్ణిస్తారు. తర్వాత గదాయుద్ధాన్ని చూస్తూ మనకు చెప్తారు. దెబ్బకు భీముడు నెత్తురు కారుతూ కుంగిపోతాడు. పడ్డవాణ్ణి చంపనులే, భయపడకు అంటాడు దుర్యోధనుడు. అప్పుడు కృష్ణుడు తన తొడ మీద చరిచి సైగ చేస్తాడు. భీముడు లేచి, గద ఎత్తి తొడల మీద వేస్తాడు. ఇదంతా మాటల్లోనే జరుగుతుంది.

ఇక్కడిదాకా అయితే మంచి కామెంటరీ అని ఊరుకునేవాణ్ణి. భాసుడు అసలు దెబ్బ తర్వాత కొడతాడు. విరిగిన తొడలతో, నేల మీద దేకుతూ దుర్యోధనుడు మన ముందుకు వస్తాడు. అతణ్ణి వెతుక్కుంటూ ధృతరాష్ట్రుడు, గాంధారి, రాణులు, చిన్న కొడుకు దుర్జయుడు వస్తారు. తండ్రికి కళ్లు లేవు, తల్లి కళ్లకు గంతలు. కొడుకు పడిపోయిన చోటికి వచ్చిన ఆ ఇద్దరూ కొడుకును చూడలేరు. పిల్లవాడికి మాత్రం నాన్న కనిపిస్తాడు. పరుగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చోబోతాడు. దుర్యోధనుడు ఆపుతాడు. ఎప్పుడూ కూర్చునే చోటు ఇక లేదని ఆ పసివాడికి ఎలా చెప్పాలి?

గద తొడ మీద పడటం మనం చూడలేదు. పిల్లవాడు ఆ తొడ మీద కూర్చోబోయినప్పుడు మన ఒళ్లు జలదరిస్తుంది. అదే గదాయుద్ధాన్ని గ్రాఫిక్స్‌తో, స్లో మోషన్‌లో, ఎముక విరిగే చప్పుడుతో చూపించి ఉంటే, ఈ సీను వచ్చేసరికి మనం అలిసిపోయి ఉండేవాళ్లం. ఇంకో సంగతి గమనించండి. భాసుడు ఫైట్ దాచాడు గానీ చావు దాచలేదు. నియమాన్ని పక్కన పెట్టి దుర్యోధనుడి ప్రాణం వేదిక మీదే పోనిచ్చాడు. ఏది దాచాలో, ఏది చూపించాలో తూకం వేసుకుని రాసిన మనిషి.

ఇదే గదాయుద్ధం భట్టనారాయణుడి వేణీసంహారంలోనూ ఉంది, అక్కడా మన కంటికి కనిపించదు. కానీ ఆయన వాడిన మెలిక వేరు. చార్వాకుడనే రాక్షసుడు ముని వేషంలో ధర్మరాజు దగ్గరికి వచ్చి, భీముడు పోయాడని అబద్ధం చెప్తాడు. ధర్మరాజు, ద్రౌపది చితి పేర్చుకునే దాకా వెళ్తారు. అంతలో ఒళ్లంతా నెత్తురుతో భీముడే వస్తాడు. ఆ వచ్చినవాణ్ణి దుర్యోధనుడనుకుంటాడు ధర్మరాజు! ఫైట్ దాస్తే కథకుడికి దక్కే లాభం ఇదే. చూడనివాడికి ఎవరైనా ఏమైనా చెప్పవచ్చు. చూపించిన ఫైట్ గురించి అబద్ధం ఆడటం కష్టం. అయితే ఈ నాటకంలో నాలుగో అంకం ఓపిక అడుగుతుంది. సుందరకుడు వచ్చి యుద్ధ వార్తలు చెప్తూనే ఉంటాడు, చెప్తూనే ఉంటాడు. బయట నిలబడ్డవాడి ముఖం మర్చిపోయి వార్తలు చదివితే చూపించని ఫైట్ కూడా విసుగు పుట్టిస్తుంది.

వార్తలు చదవడం సంజయుడి దగ్గర నేర్చుకోవాలి. వ్యాస భారతంలో యుద్ధమంతా ధృతరాష్ట్రుడికి సంజయుడు చెప్పిందే. అతను వరుస క్రమంలో చెప్పడు. వచ్చీ రాగానే భీష్ముడు పడిపోయాడంటాడు. ముసలి రాజు కుప్పకూలిపోయి, ఎలా పడ్డాడు, ఎవరు పడగొట్టారు అని అడిగాక పోరాటం మొదలవుతుంది. ద్రోణ, కర్ణ, శల్య పర్వాల్లోనూ అంతే, ముందు చావు కబురు, తర్వాత యుద్ధం. ఈ రోజుల్లో ముగింపు ముందే చెప్పేస్తే కొట్టుకు చస్తున్నాం. అక్కడ ముగింపు తెలిసిన తండ్రి ఒక్కొక్క రోజు యుద్ధాన్నీ వింటున్నాడు. వాళ్లబ్బాయి గెలుస్తున్న రోజుల గురించి కూడా.

హీరో ఇంట్రడక్షన్ ఫైట్ లేకపోతే మనవాళ్లు సినిమాను హీరో సినిమాగా లెక్కవేయరు. షేక్‌స్పియర్ మాక్‌బెత్‌లో ఆ ఫైట్ హీరో కంటే ముందు వస్తుంది. నెత్తురోడుతున్న సైనికుడొకడు వచ్చి, మాక్‌బెత్ శత్రువును బొడ్డు నుంచి దవడ దాకా ఎలా చీల్చాడో చెప్తాడు. మాక్‌బెత్ మూడో రంగంలో గాని కనిపించడు. తర్వాత రాజును చంపడమూ లోపలే. బయట నిలబడి ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతున్నది ఎవరు? భార్య. నా కొలతకు సరిపోయింది, ముందుకు వెళ్దాం.

మన డెల్టాకు వద్దాం. ఇక్కడ జనం ఎన్ని తరాలుగానో ఈలలు వేసిన ఒక ఫైట్ ఉంది, అందులో చెయ్యి ఎత్తినవాడు కూడా లేడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం. ఇద్దరూ మన నేల మనుషులే. దివాకర్ల తిరుపతి శాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి పుట్టింది కడియంలో. సభలో కృష్ణుడు నిలబడి, రేపు ఏం జరగబోతోందో దుర్యోధనుడికి పద్యంలో చెప్తాడు. జెండా మీద హనుమంతుడు, ముందు తెల్ల గుర్రాలు, తోలేది తాను, వెనక గాండీవం నారి లాగుతూ అర్జునుడు. ఆ రోజు నీ మొర ఆలకించేవాడు ఒక్కడూ ఉండడంటాడు. ఇంకా జరగని ఫైట్ ఇది. గుహలో కాదు, రేపటిలో దాగి ఉంది. దుర్యోధనుడు నమ్మడు. చాపల మీద కూర్చున్న మనకు మాత్రం అక్షరం అక్షరం జరుగుతుందని తెలుసు. కృష్ణ పాత్రధారి రాగం తీస్తూ చెయ్యి పైకెత్తితే జనం ఆ చెయ్యి చూపించిన గాలిలోకి చూస్తారు, అక్కడ రథం ఉన్నట్టు. వన్స్ మోర్ అంటే మళ్లీ అదే రథం వస్తుంది. ఏ గ్రాఫిక్స్ కంపెనీకి ఇంత చవకగా కుదురుతుంది?

దీనికి పూర్తిగా ఎదురు దిక్కు తోలుబొమ్మలాట. కాకినాడ పక్కన మాధవపట్నం ఈ కళకు పేరున్న ఊరు. అవకాశం దొరికితే తెర ముందు కాదు, తెర వెనక కూర్చోండి. ముందు నుంచి చూస్తే ఇద్దరు వీరులు కొట్టుకుంటున్నారు. వెనక నుంచి చూస్తే దీపం వేడికి చెమటలు కక్కుతూ రెండు చేతుల్లో రెండు బొమ్మలు ఆడిస్తున్న మనిషి, అతని కాలి కింద ఒక చెక్క. ఆ చెక్కను చూడండి. బొమ్మ చెయ్యి పైకి లేచినప్పుడు కాదు, దిగినప్పుడు దాని మీద కాలు పడాలి. రవ్వంత ముందు పడినా దెబ్బ అబద్ధమైపోతుంది. బొమ్మను తెరకు ఆనిస్తే గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది, వెనక్కి లాగితే మసకబారి పెద్దదవుతుంది. నేను చూసిన ఆటలో ఒకచోట రెండు బొమ్మలనూ తెర మీద నుంచి తీసేశారు. చెక్క మాత్రం మోగుతూనే ఉంది. ముందున్న పిల్లలు ఖాళీ తెరను కళ్లార్పకుండా చూస్తున్నారు.

కాబట్టి మన దగ్గర షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లకు ఒక మాట. ఫైట్ మాస్టర్‌కు ఇవ్వడానికి డబ్బు లేక ఫైట్ దాస్తున్నారా? దాచండి, తప్పేమీ లేదు, నిజమైన కారణమే అది. కానీ కెమెరాను మూసిన తలుపు మీద పెట్టి కూర్చోకండి. లోపల తమ్ముడున్న అక్క మీదనో, అప్పు ఇచ్చినవాడి మీదనో పెట్టండి. చప్పుళ్లు అన్నీ వినిపించకండి, మధ్యలో ఒకటి ఆపేయండి. ఆ ఆగిన చోట ఆమె ఏం అనుకుందో మాకు తెలియాలి, అది తప్పయితే మరీ మంచిది. ఇక పోరాటం అయ్యాక బయటికి వచ్చినవాడు చొక్కా చేతులు మడవకూడదు. దయచేసి.

మార్కులు అడుగుతారు కదా. ఊరుభంగానికి పదికి పది. వేణీసంహారానికి ఎనిమిది, సుందరకుడి పేరు మీద రెండు కోత. రాయబారానికి నేను మార్కులు వేస్తే మా వీధిలో తిరగలేను, అది మీరే వేసుకోండి. తలుపు మూసిన గదికి రెండు, ఆ రెండూ లోపల గ్లాసులు పగలగొట్టిన సౌండ్ ఇంజనీరువి.