31.6 ఎక్కడి నుంచి వచ్చింది?
(ఇంజనీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థులకు స్టాటిస్టిక్స్ మొదటి క్లాసులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి. వెనక బెంచీల వాళ్లు కాస్త ముందుకు రండి, నేను బోర్డు మీద అంకెలు చిన్నగా రాస్తాను.

ఈ సెమిస్టర్‌లో మీకు ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ ఉంది. సీనియర్లు ఈపాటికే చెప్పి ఉంటారు: ఫార్ములాలు బట్టీ పట్టండి, టేబుల్ చూడడం నేర్చుకోండి, మూడు యూనిట్లు గట్టిగా చదివితే బ్యాక్‌లాగ్ లేకుండా బయటపడతారు అని. పరీక్ష వరకు అది నిజమే, నేను కాదనను. కానీ మొదటి రోజే సిలబస్ చదివి వినిపిస్తే మీకూ నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అందుకని ఈ రోజు ఒక్క అంకె గురించే మాట్లాడదాం. 31.6. సివిల్ వాళ్లు దీన్ని ముందు ముందు చాలాసార్లు చూస్తారు. మిగతా బ్రాంచీల వాళ్లు మాకెందుకులే అనుకోకండి, చివర్లో మీ దగ్గరికీ వస్తాను.

ఎం25 కాంక్రీటు అనే మాట వినే ఉంటారు. 150 మిల్లీమీటర్ల క్యూబ్ పోసి, 28 రోజులు క్యూరింగ్ చేసి, మెషిన్‌లో పెట్టి నొక్కితే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లు తట్టుకోవాలి. అయితే మిక్స్ డిజైన్ చేసే, అంటే సిమెంటు, ఇసుక, కంకర, నీళ్లు ఏ పాళ్లలో కలపాలో తేల్చే ఇంజనీరు 25 రావాలని డిజైన్ చేయడు. 31.6 రావాలని చేస్తాడు. అడిగింది 25 అయితే 31.6 ఎందుకు? సైట్‌లో ఎవరిని అడిగినా "సేఫ్టీ కోసం సార్" అంటారు. సేఫ్టీకైతే 30 చాలదా? 35 ఎందుకు వద్దు? ఆ చివర పాయింట్ ఆరు ఎక్కడిది? పైగా డిజైన్‌లో సేఫ్టీ ఫ్యాక్టర్ అని 1.5 వేరే ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

జవాబు ఐఎస్ 456లో, అంటే మన దేశపు కాంక్రీటు కోడ్ పుస్తకంలో ఉంది. అక్కడ 25 అంటే సగటు అని రాయలేదు. పరీక్షల ఫలితాల్లో 5 శాతానికి మించి దీని కిందకి రాకూడదు అని రాశారు. అసలు కిటుకంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. సగటు 25 వచ్చేలా కాంక్రీటు కలిపారనుకోండి, ఇంచుమించు సగం క్యూబ్‌లు 25 కంటే తక్కువకే పగులుతాయి. ఎందుకంటే ఏ రెండు బ్యాచులూ ఒకేలా ఉండవు. పొద్దున ఇసుక తడిగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఆరిపోతుంది. సిమెంటు బస్తాలు కొన్ని కొత్తవి, కొన్ని గోడౌన్‌లో నెలల తరబడి ఉన్నవి. కాంక్రీటు గట్టిగా ఉందని, పని తేలికవుతుందని, ఎవరూ చూడనప్పుడు ఒక మగ్గు నీళ్లు ఎక్కువ పోసే అలవాటు సైట్‌లో ఉండనే ఉంది. ఇవన్నీ కలిసి ఫలితాన్ని అటూ ఇటూ లాగుతాయి.

ఎంత లాగుతాయో చెప్పేదే స్టాండర్డ్ డీవియేషన్. రెండు సైట్లు ఊహించుకుందాం. మొదటి సైట్‌లో ఫలితాలు 30, 31, 32, 33, 34. రెండో సైట్‌లో 22, 27, 33, 38, 40. రెండింటి సగటూ 32. రిపోర్టులో సగటు మాత్రమే రాస్తే ఇద్దరు కాంట్రాక్టర్లకూ ఒకే మార్కు పడుతుంది. కానీ మొదటి సైట్ డీవియేషన్ 1.58, రెండోది 7.52. ఆ 22 వచ్చిన కాంక్రీటు ఏ స్తంభంలో ఉందో, ఆ స్తంభం కింద ఎవరు పడుకుంటున్నారో సగటు చెప్పదు. నన్నడిగితే డీవియేషన్ పక్కన లేని సగటును రిపోర్టులోకి రానివ్వకూడదు.

ఇప్పుడు పాయింట్ ఆరు సంగతి. ఫలితాలు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో, అంటే సగటుకు అటూ ఇటూ సమానంగా గంట ఆకారంలో పరుచుకుని ఉన్నాయనుకుంటే, సగటు నుంచి 1.645 డీవియేషన్లు కిందికి దిగితే సరిగ్గా 5 శాతం ఆ గీత కింద ఉంటాయి. కోడ్‌లో దాన్ని 1.65 చేశారు. కొత్తగా మొదలైన పని, సొంత ఫలితాలు ఇంకా లేవు అన్నప్పుడు, ఎం20, ఎం25లకు డీవియేషన్ 4 అనుకోమంటుంది కోడ్. 1.65ను 4తో గుణిస్తే 6.6. దానికి 25 కలిపితే 31.6. అంతే.

ఇందులో డబ్బు ఎక్కడుందో చూడండి. సిమెంటు సరిగ్గా నిల్వ చేయకుండా, సామగ్రి తూకం వేయకుండా పని చేసే సైట్‌లో డీవియేషన్‌ను ఇంకో 1 పెంచమంటుంది కోడ్. అప్పుడు 25కి 8.25 కలిపి 33.25 కొట్టాలి. నిజంగా 6 ఉన్న సైట్ అయితే 34.9. చేతికొచ్చే కాంక్రీటు మాత్రం అదే ఎం25. ఆ తేడా అంతా సిమెంటు రూపంలో, అంటే రూపాయల రూపంలో, గుంతలోకి పోతుంది. ఇసుకలో తేమ చూసి నీళ్లు సరిచేయడానికి ఒక మనిషిని పెట్టడం దండగ అనుకునే కాంట్రాక్టరు ఆ జీతం కంటే ఎక్కువ సిమెంటుకు కడుతూ ఉంటాడు. డీవియేషన్ తగ్గించుకుంటే లాభమే, కానీ దానికీ ఒక హద్దుంది. 2019లో మార్చిన మిక్స్ డిజైన్ కోడ్ ఐఎస్ 10262 ప్రకారం, మీ డీవియేషన్ ఎంత తక్కువైనా ఒక కనీస మార్జిన్ కలపాల్సిందే. అది మంచిదే, ఎందుకో ఇంకో పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది.

సొంత డీవియేషన్ వాడాలంటే కనీసం 30 ఫలితాలు ఉండాలి అంటుంది కోడ్. నాలుగు చాలవా? చాలవు. నాలుగు రీడింగులతో లెక్కగట్టిన డీవియేషన్ కూడా ఒక అంచనాయే. అదీ అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఊగును మొదట సరిగ్గా పట్టుకున్నవాడు విలియం గాసెట్. డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు, చదివింది కెమిస్ట్రీ. బార్లీ మీద చేసే ప్రయోగాల్లో ఆయనకు దొరికేవి గుప్పెడు రీడింగులే. పెద్ద శాంపిళ్ల సూత్రాలు చిన్న శాంపిళ్లకు పనికిరావని గ్రహించి 1908లో వ్యాసం రాశాడు. ఉద్యోగులు సొంత పేరుతో వ్యాసాలు వేయడానికి కంపెనీ అప్పట్లో ఒప్పుకునేది కాదు కాబట్టి స్టూడెంట్ అని పేరు పెట్టుకున్నాడు. మీరు పరీక్షలో వేసే టీ టెస్ట్ ఆయనదే. అదే 5 శాతానికి నార్మల్ టేబుల్‌లో 1.645 ఉన్నచోట, నాలుగు రీడింగులకు టీ టేబుల్‌లో 2.353 ఉంటుంది. ముప్ఫై రీడింగులకైతే 1.699. రెండు టేబుళ్లూ దాదాపు కలిసిపోయాయి, చూశారా. కోడ్ పుస్తకంలో ఒక నియమంలా కనిపించే 30 అనే అంకె మీద నాకు గౌరవం పెరిగింది ఈ టేబుల్ చూశాకే.

ఇంకో ముచ్చట చెప్పి ముందుకెళ్తాను, నాకు బాగా నచ్చింది కాబట్టి. కాంక్రీటును ఒప్పుకోవాలా వద్దా అని తేల్చేటప్పుడు, వరసగా వచ్చిన నాలుగు ఫలితాల సగటు చూడమంటారు. ఆ సగటు కనీసం 25 ప్లస్ 0.825 ఇంటూ డీవియేషన్ ఉండాలి. ఈ 0.825 ఏమిటి? కాలిక్యులేటర్ తీయకండి. 1.65లో సగం. సగమే ఎందుకు? నాలుగు ఫలితాల సగటు తీసుకుంటే దాని ఊగు, విడి ఫలితం ఊగులో సగమే ఉంటుంది, ఎందుకంటే నాలుగుకు వర్గమూలం రెండు. కాబట్టి నిజంగా 31.6 కొట్టే మంచి కాంట్రాక్టరుకు వరసగా నాలుగు ఫలితాల సగటు 28.3 కంటే దిగడం నూటికి ఐదు సార్లే జరుగుతుంది. మూడో యూనిట్‌లో శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ ఆఫ్ మీన్ అని పది పేజీలుంటాయి. ఆ పది పేజీలూ ఈ 0.825లో ఉన్నాయి.

ఇంతవరకూ లెక్క. ఇక అసలు చిక్కు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలు అంటారు మన పెద్దలు. గిన్నెలో అన్నం అంతా ఒకే మంట మీద, ఒకే నీళ్లలో ఉడికింది కాబట్టి ఆ మాట చెల్లుతుంది. స్లాబ్ అలాంటిది కాదు. అందుకే 5 ఘనపు మీటర్ల వరకు ఒక శాంపిల్, 15 వరకు రెండు, 30 వరకు మూడు, 50 వరకు నాలుగు, ఆపైన ప్రతి 50కి ఇంకొకటి అని లెక్క పెట్టారు. ఏ బ్యాచ్‌లోంచి తీయాలో ముందే యాదృచ్ఛికంగా నిర్ణయించాలి. మరి సైట్‌లో కొన్నిచోట్ల ఏం జరుగుతుందో మీ ఇంట్లో సివిల్ పని చేసేవాళ్లుంటే అడగండి. క్యూబ్‌ల కోసం ప్రత్యేకంగా మిక్స్ కలుపుతారు, ఒక గరిటె సిమెంటు ఎక్కువేసి. రిజిస్టర్‌లో డీవియేషన్ అద్భుతంగా ఉంటుంది. ఆ అంకెల మీద మీరు ఎంత గొప్ప టెస్ట్ వేసినా అది స్లాబ్ గురించి ఒక్క మాట చెప్పదు, క్యూబ్‌ల గురించే చెబుతుంది. ఇందాక చెప్పిన కనీస మార్జిన్ ఎందుకు మంచిదో ఇప్పుడు తెలిసిందిగా.

దురుద్దేశం లేకుండా కూడా శాంపిల్ పాడవుతుంది. అది ఇంకా ప్రమాదం. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ స్పేస్ షటిల్ పైకి లేచిన 73 సెకన్లకు ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు. బూస్టర్ రాకెట్ అతుకు దగ్గర ఉండే రబ్బరు ఓ-రింగు చలికి బిగుసుకుపోయి వేడి వాయువును ఆపలేకపోయింది. ఆ పొద్దున ఉష్ణోగ్రత దాదాపు సున్నా డిగ్రీల సెల్సియస్. అంతకుముందు ఏ షటిలూ 53 ఫారెన్‌హీట్ కంటే, అంటే సుమారు 12 సెల్సియస్ కంటే, చల్లటి వేళ వెళ్లలేదు. ముందు రోజు రాత్రి రాకెట్ తయారీ ఇంజనీర్లు వద్దన్నారు కూడా. చలికీ ఓ-రింగు దెబ్బతినడానికీ సంబంధం ఉందా అని చర్చ జరిగింది. అప్పుడు చూసింది రింగులు దెబ్బతిన్న ఏడు ప్రయాణాలనే. వాటిలో 53 డిగ్రీల దగ్గరా దెబ్బ ఉంది, 75 దగ్గరా ఉంది. కాబట్టి సంబంధం ఏమీ కనబడలేదు.

దెబ్బతినని ప్రయాణాలను పక్కన పెట్టారు, వాటిలో చూసేదేముంది అని. ప్రమాదం తర్వాత విచారణ కమిషన్ అన్నిటినీ కలిపి చూసింది. 63 డిగ్రీలు, అంతకంటే చల్లగా ఉన్నప్పుడు వెళ్లినవి నాలుగు. నాలుగింట్లోనూ దెబ్బ ఉంది. 66, ఆపైన వెళ్లినవి ఇరవై. వాటిలో దెబ్బతిన్నవి మూడే. దీనికి ఏ టెస్టూ అక్కర్లేదు, ఏ కంప్యూటరూ అక్కర్లేదు. గ్రాఫ్ పేపరు మీద ఇరవై నాలుగు చుక్కలు పెడితే చాలు. ఏడు చుక్కలు మాత్రమే పెట్టడం వల్ల ఆ రాత్రి అది కనబడలేదు. అందుకే నా క్లాసులో ఎవరైనా డేటా తెస్తే మొదట అడిగేది మీన్ ఎంత అని కాదు, ఇందులో లేనివి ఏవి అని.

సరే, సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ వాళ్లు అప్పటినుంచీ ఫోన్ చూస్తున్నారు, వాళ్ల దగ్గరికి వద్దాం. రేపు మీరు ఏదో యాప్ సర్వర్ చూసుకుంటారు. రెస్పాన్స్ టైమ్ సగటు చెబితే ఎవరూ ఒప్పుకోరు, పీ95 ఎంత అంటారు. అంటే 95 శాతం రిక్వెస్టులు ఎంత సమయంలోపు పూర్తవుతున్నాయి అని. కాంక్రీటు 25 లాంటిదే, తలకిందులుగా. అక్కడ కింది 5 శాతం భయం, ఇక్కడ పై 5 శాతం భయం. అయితే 1.65 సూత్రం పట్టుకుని ఇక్కడికి పరిగెత్తకండి. వంద రిక్వెస్టుల్లో 94 చకచకా 100 మిల్లీసెకన్లలో అయిపోయి, ఆరు మాత్రం 4 సెకన్లు తీసుకున్నాయనుకోండి. సగటు 334 మిల్లీసెకన్లు. సగటుకు 1.65 డీవియేషన్లు కలిపితే దాదాపు 1.87 సెకన్లు వస్తుంది. అసలు పీ95 మాత్రం 4 సెకన్లు. సర్వర్ టైములకు కుడివైపు పొడుగాటి తోక ఉంటుంది, నార్మల్ గంట ఆకారం ఉండదు. అంకెలను ముందు వరసలో పేర్చి చూడాలి, సూత్రం తర్వాత.

సందేహాలుంటే మధ్యలోనే ఆపి అడగండి. మర్యాదకని అనడం లేదు. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే లెక్కలు చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు గారు అక్కడ పాఠం చెబుతుండగా, పెద్ద శాంపిళ్లకు ఉన్న ఫలితం చిన్న శాంపిళ్లకు కూడా ఉందా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ రాత్రే కూర్చుని ఆయన దాన్ని సాధించారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామర్-రావు బౌండ్, ఇప్పుడు ప్రపంచంలో ప్రతి స్టాటిస్టిక్స్ పుస్తకంలోనూ ఉంది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. ఒక అంచనా ఎంత బాగా కుదిరినా, దాని ఊగు ఈ గీత కంటే కిందికి దిగదు అని చెబుతుందది. దాని వివరం మన సిలబస్‌లో లేదు, ఆసక్తి ఉన్నవాళ్లు సాయంత్రం స్టాఫ్ రూముకి రండి.

వచ్చే క్లాసుకి ఒక పని. ఐదుగురు చొప్పున జట్లు కట్టండి. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయి, చివర బంగారు గీత ఉన్నవి, అంటే 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని కంపెనీ మాట. ఒక్కో జట్టు డబ్బాలో కళ్లు మూసుకుని ముప్ఫై తీసి మల్టీమీటర్‌తో కొలవాలి. రీడింగులు కొలిచిన వరసలోనే రాయండి, పెద్దవి చిన్నవి అని సర్దకండి. ఎవరికైనా 1200 లాంటి వింత రీడింగ్ వస్తే కొట్టేయకండి, పక్కన చుక్క పెట్టి ఆ రెసిస్టర్‌ను విడిగా కవర్‌లో వేసి తీసుకురండి. హాజరు షీట్ ఇటు పంపండి.