టెన్షన్‌కి షుగర్ పెరుగుతుందా? గ్లూకోజ్ సెన్సర్ రివ్యూ

నమస్కారమండీ. ఈరోజు రివ్యూ చేస్తున్నది ఇదిగో, జబ్బ వెనక అంటించుకునే ఈ గ్లూకోజ్ సెన్సర్‌ని. సీజీఎం అంటారు, అంటే రాత్రీపగలూ గ్లూకోజ్‌ని కొలుస్తూ ఉండేది. ఏ కంపెనీది కొనాలి, ఏ యాప్ బాగుంది అని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి, నేను వాటి జోలికి వెళ్లను. తిండి మారలేదు, మాత్రలు మానలేదు, అయినా షుగర్ ఎందుకు పెరిగింది? ఈ ప్రశ్నకి సెన్సర్ జవాబు చెప్పగలదా అన్నదే చూద్దాం. నాది టైప్ 2 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయని రకం, మాత్రలు వాడతాను, ఇన్సులిన్ లేదు. అది గుర్తుపెట్టుకుని వినండి.

ముందు స్క్రీన్ మీద ఈ రెండు గ్రాఫ్‌లు చూడండి. రెండు రోజులూ టిఫిన్ ఒకటే, మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. మాత్రా అదే. ఎడమవైపుది ఆదివారం. తిన్నాక 168 దాకా ఎక్కి, రెండు గంటలు దాటేసరికి 130 దగ్గరికి దిగింది. కుడివైపుది ఆఫీసులో ఆడిట్ జరిగిన రోజు. 214 దాకా వెళ్లింది. దానికన్నా దిగడం ఎలా ఉందో చూడండి. మధ్యాహ్నం భోజనం వేళకి కూడా 170 దగ్గరే వేలాడుతోంది. మధ్యలో మంచినీళ్లు తప్ప ఇంకేమీ లేవు. నిద్ర, నడక కూడా తేడా తెస్తాయి కాబట్టి రెండు రోజుల గ్రాఫ్‌తో తేల్చెయ్యకూడదు. కానీ టెన్షన్ ఉన్న మిగతా రోజుల్లోనూ నాకు ఇదే వాలు కనిపించింది.

మరి తినకుండానే ఆ చక్కెర ఎక్కడిది? లివర్‌ది. కంగారుపడగానే అడ్రినలిన్ అనే హార్మోన్ వస్తుంది. అది లివర్‌లో దాచిన గ్లూకోజ్‌ని రక్తంలోకి వదిలిస్తుంది, ఇన్సులిన్ రావడాన్ని తగ్గిస్తుంది. కాస్త వెనకగా కార్టిజాల్ అనే ఇంకో హార్మోన్ వస్తుంది. దాని ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. అది ఉన్నంతసేపూ లివర్ కొత్త గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది, కండరాల మీద ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఆయాసానికో, కీళ్లనొప్పులకో స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే షుగర్ ఎగబాకడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మందులు ఈ కార్టిజాల్ జాతివే. షుగర్ జబ్బు లేనివాళ్లకి ఇన్సులిన్ తయారుచేసే క్లోమం వెంటనే సర్దేస్తుంది, మనకి అంత శక్తి ఉండదు.

"అదంతా నీ భ్రమ" అనేవాళ్లకి ఒక పాత సంగతి చెప్పాలనుంది. సుమారు వందేళ్ల కిందట హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త, ఒక పెద్ద మ్యాచ్ అయ్యాక 25 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మూత్రం పరీక్షించారు. 12 మందికి చక్కెర కనిపించింది. ఆ 12 మందిలో ఐదుగురు అసలు మైదానంలోకే దిగలేదు! బయట సబ్‌స్టిట్యూట్లుగా కూర్చున్నవాళ్లు. పరిగెత్తింది లేదు, పడ్డదంతా ఉద్వేగమే. చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

అందరికీ ఒకేలా జరగదు. టైప్ 2 వాళ్లకి ఎక్కువగా పెరుగుతుంది. టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం ఉన్నవాళ్లలో కొందరికి పెరుగుతుంది, కొందరికి తగ్గుతుంది. స్విట్జర్లాండ్‌లో టైప్ 1 వాళ్ల మీద చేసిన ఒక పరీక్షలో, పరగడుపున మానసిక ఒత్తిడి పెడితే షుగర్ పెద్దగా కదల్లేదు. తిన్నాక పెడితే మాత్రం దిగడం ఆలస్యమైంది. నా ఆడిట్ రోజు గ్రాఫ్‌లో ఉన్నదీ అదే.

ఇక సెన్సర్ లోపాలు. ఇది నేరుగా రక్తాన్ని కొలవదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని కొలుస్తుంది. అందుకే షుగర్ వేగంగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకపడుతుంది. ఆ చేతి మీద ఒత్తి పడుకుంటే రాత్రి లేని "లో", అంటే షుగర్ పడిపోయినట్టు చూపిస్తుంది. ఆడిట్ సంగతి దానికి తెలియదు కదా, అందుకని ఏ గంటకి ఏం జరిగిందో మనమే రాసుకోవాలి. రాయకపోతే ఈ డబ్బు దండగ. ఇంకొకటి, పది నిమిషాలకోసారి ఫోన్ తీసి చూడటం కూడా టెన్షనే. మాత్రల మీద ఉన్నవాళ్లు తినేముందు, తిన్న రెండు గంటలకి, పడుకునేముందు చూస్తే చాలు. ఇన్సులిన్ వాడేవాళ్లకి ఈ మాట వర్తించదు, వాళ్లు షుగర్ పడిపోతే మోగే "లో" అలారం అస్సలు ఆపకూడదు.

నాకు ఇది అన్నింటికన్నా పనికొచ్చింది గుండెదడ విషయంలో. దడ, చెమటలు, చేతుల వణుకు టెన్షన్‌కీ వస్తాయి, షుగర్ డౌన్ అయినా వస్తాయి. డౌన్ అయిందనుకుని స్వీటు తింటే, అసలే ఎక్కిన షుగర్ ఇంకా ఎక్కుతుంది. 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. సెన్సర్ ఒకటి, ఒళ్లు ఇంకొకటి చెబుతుంటే వేలికి సూది గుచ్చి మీటర్‌తో చూడండి. కొలిచే వీలే లేకపోతే చక్కెర తీసుకోవడమే క్షేమం.

గ్రాఫ్ ఎక్కిందని సొంతంగా ఇంకో అర మాత్ర మాత్రం వేసుకోకండి. టెన్షన్ దిగాక గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు షుగర్‌ని మరీ కిందకి లాగేస్తాయి. తిన్నాక నడవండి, కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒత్తిడి తగ్గించుకోవడంలో శిక్షణ పొందిన టైప్ 2 వాళ్లకి ఏడాది తిరిగేసరికి హెచ్‌బీఏ1సీ, అంటే సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష విలువ, సుమారు 0.5 శాతం తగ్గింది. నా లెక్కలో అది చిన్న లాభం కాదు.

మరి కొనాలా? ఒక్కోటి రెండు వారాల దాకా వస్తుంది, ఖర్చు కొన్ని వేలు. మాత్రల మీద ఉండి, కారణం తెలియకుండా షుగర్ పెరుగుతుంటే ఒక్కసారి పెట్టుకోండి, అదీ సెలవుల్లో కాదు, పని ఉన్న వారాల్లో. అంతా నిలకడగా ఉంటే ఆ డబ్బు మీటర్ స్ట్రిప్స్‌కి వాడుకోండి. గ్రాఫ్‌తో పాటు మీరు రాసుకున్న కాగితం కూడా డాక్టర్‌కి చూపించండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, దిగులు వదలకపోతే అదీ చెప్పండి, దానికీ వైద్యం ఉంది. ఎవరితో మాట్లాడాలో తోచనప్పుడు 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, కేంద్ర ప్రభుత్వ సర్వీసు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.