పక్కన నిలబడడమూ డ్యూటీయే

(అంతర్జాతీయ మంత్రసానుల దినోత్సవం సందర్భంగా అనంతపురంలో నర్సింగ్ విద్యార్థినుల ముందు ఒక సీనియర్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న డాక్టర్లకు, ప్రిన్సిపాల్ మేడమ్‌కు, పిల్లలందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చాను. మాట కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి.

సిజేరియన్ అంటే థియేటర్, మత్తు డాక్టరు, సంతకాలు, కేసు షీటులో పేజీలకు పేజీలు. నార్మల్ కాన్పుకు మాత్రం ఒక్క లైను రాస్తాం: 'ఎఫ్‌టీఎన్‌డీ (నెలలు నిండిన నార్మల్ కాన్పు), ఆడబిడ్డ, ఇంత బరువు'. ఆ లైనుకు ముందు రాత్రంతా ఆ అమ్మాయి పక్కన ఎవరున్నారు, ఏం చేశారు అన్నది ఎక్కడా ఉండదు. అందుకే "నార్మలే కదా, దానంతట అదే అయిపోతుంది" అని అందరూ అనేస్తారు. అయిపోదమ్మా. దాని వెనక చాకిరీ ఉంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే అని తేలింది. ప్రైవేటులో 63, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26 పైచిలుకు. దేశం మొత్తం మీద 21 చిల్లర. ప్రైవేటు వాళ్లను నాలుగు మాటలని చప్పట్లు కొట్టించుకోవడం తేలికే. కానీ ఆ 26 మన ఖాతాలోదే కదా. ముహూర్తం కాగితం పట్టుకొచ్చే మామగారు, బిడ్డ కష్టం చూడలేక "కోసేయండి మేడమ్" అని ఏడ్చే తల్లి, మంచాలు ఖాళీ కావాలనే తొందర, ఏమన్నా జరిగితే మన మీదికొస్తుందన్న టెన్షన్, అన్నీ ఆ అంకెలో ఉన్నాయి. మాయ అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు పడిపోతున్నా ఆపరేషనే దిక్కు. దాని మీద నాకే పేచీ లేదు. నా పేచీ ఓపిక లేక చేసేవాటి మీద.

మేం చదువుకునేటప్పుడు నొప్పుల్లో గర్భసంచి ముఖద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలని నేర్పారు. గ్రాఫులో గీత దాటిందంటే నొప్పుల సెలైన్ ఎక్కాల్సిందే. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్క అందరికీ సరిపోదని చెప్పేసింది. నొప్పులు ఊపందుకునేది 5 సెంటీమీటర్ల దగ్గర. తల్లీ బిడ్డా బాగుంటే తొలిచూలుకు అక్కడి నుంచి 12 గంటల దాకా పట్టడం మామూలే. 2020లో పార్టోగ్రాఫ్ అనే ఆ పాత గ్రాఫు బదులు లేబర్ కేర్ గైడ్ అని కొత్త షీటు ఇచ్చింది. పక్కన తోడుందా, నొప్పికి ఊరట ఇచ్చారా, తాగడానికి ఇచ్చారా, ఏ భంగిమలో ఉంది అని అందులో విడిగా గడులున్నాయి. ఇన్నాళ్లూ మనం రాయని పనికి ఇప్పుడొక గడి దొరికింది. దాన్ని ఖాళీగా వదలకండి.

మొన్న కళ్యాణదుర్గం దిక్కు నుంచి తొలిచూలు అమ్మాయి వచ్చింది. నాలుగు సెంటీమీటర్లు. మంచం కమ్మీ పట్టుకున్న పిడికిలి వదలడం లేదు. వాళ్లమ్మ బయట వరండాలో కూర్చుని ఉంటే లోపలికి పిలిచాను. "నేనేం జెయ్యాల సిస్టరమ్మా?" అంది. "నడుం మీద అరచేత్తో గట్టిగా అదమమ్మా, నొప్పి పోయేదాకా చెయ్యి తియ్యద్దు" అన్నాను. వేరుశనక్కాయలు వలిచిన చెయ్యి, బలానికి కొదవా! నొప్పికీ నొప్పికీ మధ్య నడిపించాం, కొబ్బరినీళ్లు తాగించాం. అరగంటకోసారి నేను డాప్లర్ మిషను పెట్టి బిడ్డ గుండె చప్పుడు వింటున్నాను. తెల్లవారుజామున "ఇంక నా చేత కాదక్కా" అని ఏడ్చింది. పిల్లలూ, ఆ మాట విన్నారంటే చాలాసార్లు కాన్పు దగ్గరపడిందనే గుర్తు. సరిగ్గా అక్కడే మనం బెంబేలెత్తి ఫోన్ అందుకుంటాం. పక్కకు ఒత్తిగిలే కన్నది. పొట్ట నొక్కలేదు, కోత పెట్టలేదు. బిడ్డను రొమ్ము మీద వేసి, ఒక నిమిషం దాటాకే బొడ్డుతాడుకు క్లాంపు వేశాం. రక్తహీనత ఇంతగా ఉన్న మన జిల్లాలో ఆ నిమిషంలో తాడులోంచి బిడ్డకు అందే ఆ కాస్త రక్తం ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు.

"డాక్టరు గారూ, ఇంకాసేపు చూద్దాం" అనడానికి నర్సుకు ధైర్యం ఒక్కటే చాలదు. బిడ్డ గుండె చప్పుడు నిమిషానికి 110, 160 మధ్యే ఉంది, ఉమ్మనీరు తేటగా ఉంది, నాలుగు గంటల కిందటి పీవీకి, అంటే లోపలి పరీక్షకు, ఇప్పటికి తల కిందికి దిగింది అని షీటు చూపించగలగాలి. అది చూస్తే డాక్టరు కూడా మెత్తబడతారు. ఉమ్మనీరు పచ్చగా కనపడినా, రక్తం పోతున్నా 'చూద్దాం' అన్న మాటే లేదు, ఆ క్షణమే పిలవాలి. పట్టుదలకు పోయి నార్మల్ చేయించడం మన పని కాదు.

2018లో కేంద్రం మిడ్‌వైఫరీ, అంటే మంత్రసాని సేవల మార్గదర్శకాలు తెచ్చి నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ పెట్టింది. మీలో కొందరైనా అటు వెళ్లండి. కానీ ఆ శిక్షణ పూర్తిచేసి వచ్చిన పిల్లను ఓపీలో చీటీలు రాయడానికి కూర్చోబెడితే ఏం లాభమని పెద్దలను అడుగుతున్నాను. ఒకే నర్సుకు ముగ్గురు నొప్పుల మనుషులను అప్పగించి, నార్మల్స్ ఎందుకు తగ్గాయని మీటింగ్ పెట్టడమూ అలాంటిదే.

కాన్పు గదిలోకి ఒక తోడు మనిషిని రానివ్వమని 2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. చాలాచోట్ల మంచానికీ మంచానికీ మధ్య తెర లేదన్న ఒక్క కారణంతో తోడొచ్చిన తల్లులను గేటు బయటే ఆపుతున్నాం. ఇక్కడున్న పెద్దలకు నా మనవి ఒక్కటే: తెరలు కట్టించండి, మంచానికో స్టూలు వేయించండి. ఇదేమంత పెద్ద బడ్జెట్ కాదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మొదటిది పెద్దాపరేషన్ అయితే రెండోది నార్మల్ చేయొచ్చా అని ఎలాగూ అడుగుతారు. దానికి మాత్రం డాక్టరు గారే జవాబు చెబుతారు, నన్ను ఇరికించకండి.