టెలిస్కోపు అద్దం రుద్దేశారు సరే, ఆకారం కుదిరిందా?

[తెర మీద: బల్లపై 150 మిల్లీమీటర్ల గాజు అద్దం, ఒక ఎల్‌ఈడీ, ఒక షేవింగ్ బ్లేడు]

ఇంట్లో టెలిస్కోపు అద్దం చేసుకునేవాళ్లకు అసలు టెన్షన్ పాలిషింగ్ అయ్యాకే మొదలవుతుంది. అద్దం తళతళలాడుతుంది. మరి ఆకారం? పచ్చటి వెలుతురు తరంగదైర్ఘ్యం సుమారు 550 నానోమీటర్లు. తిరిగొచ్చే తరంగంలో తప్పు అందులో నాలుగో వంతు దాటకూడదన్నది పాత లెక్క. పరావర్తనంలో తప్పు రెట్టింపవుతుంది కాబట్టి, గాజు మీద మనకు దక్కే వెసులుబాటు 70 నానోమీటర్లే. స్కేళ్లూ వెర్నియర్లూ దీనికి పనికిరావు, వెలుతురుతోనే కొలవాలి.

ముందు ఫూకో టెస్ట్. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లియాన్ ఫూకో 1850ల చివర్లో కనిపెట్టాడు. మన అద్దం ఎఫ్/8 అనుకుందాం, అంటే నాభ్యంతరం వ్యాసానికి ఎనిమిది రెట్లు, 1200 మిల్లీమీటర్లు. దానికి రెట్టింపు దూరంలో దీపాన్నీ బ్లేడునూ పక్కపక్కన పెట్టి, తిరిగొచ్చే వెలుతురును బ్లేడుతో మెల్లగా అడ్డుకుంటూ వెనక నుంచి చూస్తాం. గోళాకారమైతే అద్దమంతా ఒకేసారి మసకబారుతుంది. మనకు కావాల్సిన పరావలయమైతే (పారాబోలా) పక్క నుంచి వెలుగు పడిన గారెలా కనిపిస్తుంది.

[తెర మీద: ఫూకో నీడ. ఒక చెయ్యి వచ్చి అద్దం మీద బొటనవేలు ఆనిస్తుంది]

వేలు అర నిమిషం ఉంచి తీయండి. ఆ కాస్త వేడికే గాజు ఉబ్బి బొడిపె లేస్తుంది, చల్లారేకొద్దీ అణుగుతుంది. పాలిష్ చేసిన వెంటనే కొలవడానికి కూర్చుంటే మీరు కొలిచేది వేడినే!

ఇక లెక్క. అంచు నుంచి వచ్చే వెలుతురు, మధ్య నుంచి వచ్చేదానికంటే కొంచెం దూరంగా కలుస్తుంది. దీపాన్ని కదపకుండా బ్లేడునే జరిపితే ఈ అద్దానికి ఆ తేడా 2.3 మిల్లీమీటర్లు ఉండాలి. రెండూ కలిసి జరిగే స్టాండైతే అందులో సగం. మీది ఏ రకం స్టాండో ముందే చూసుకోండి, లేదంటే అద్దం మొత్తం తప్పు లెక్కకు తయారవుతుంది. కిటికీలు కోసిన అట్టను అద్దం ముందు పెట్టి, ఏ జత కిటికీలు ఎక్కడ సమానంగా నల్లబడ్డాయో రాసుకుంటాం. ఆ ‘సమానంగా’ తేల్చేది మన కన్నే, అదే దీని బలహీనత. పైగా కొలిచేది ఒక్క వ్యాసం వెంటే. అద్దం అడ్డంగా ఒకలా, నిలువుగా ఒకలా వంగి ఉంటే తెలియకుండా జారిపోతుంది.

1923లో ఇటలీకి చెందిన వాస్కో రాంకీ బ్లేడు స్థానంలో సన్నటి గీతల జాలీ పెట్టాడు. గోళానికి గీతలు నిటారుగా కనిపిస్తాయి, పరావలయానికి వంగుతాయి. అంచు కుంగితే గీతల చివర్లు చటుక్కున వంకర తిరుగుతాయి. అంచు జబ్బు పట్టుకోవడంలో నాకు రాంకీ మీదే గురి. తప్పు ఎంత అని అడిగితే మాత్రం నోరు మెదపదు.

బాత్ ఇంటర్‌ఫెరోమీటరు, అంటే వెలుతురు తరంగాలను ఒకదానిపై ఒకటి వేసి కొలిచే పరికరం, లేజరుతో అద్దం మొత్తానికీ పటం గీసిస్తుంది. కాకపోతే స్టాండులో అద్దం తన బరువుకు వంగినా ఆ తప్పునూ అద్దం ఖాతాలోనే రాస్తుంది. అద్దాన్ని తిప్పి తిప్పి కొలవాల్సిందే.

[తెర మీద: హబుల్ టెలిస్కోపు]

పరికరం ఖరీదైనదైతే చాలనుకునేవాళ్లకు హబుల్ కథ. దాని 2.4 మీటర్ల అద్దాన్ని పరీక్షించిన పరికరంలో ఒక లెన్సు ఉండాల్సిన దూరానికి 1.3 మిల్లీమీటర్ల తేడాతో అమరింది. అద్దాన్ని అద్భుతంగా పాలిష్ చేశారు, తప్పుడు ఆకారానికి! అంతకంటే సాదా పరీక్షలు తేడా చూపించినా, వాటిది అంత ఖచ్చితత్వం కాదని కొట్టిపారేశారు. 1990లో ప్రయోగించాక మసక బొమ్మలు వచ్చాయి. 1993లో వ్యోమగాములు వెళ్లి సరిచేశారు.

అందుకే చివర్లో స్టార్ టెస్ట్: అద్దాన్ని టెలిస్కోపులో పెట్టి, నిజమైన నక్షత్రాన్ని ఫోకస్ కాస్త తప్పించి బిళ్లలా చూడటం. ఫోకస్‌కు లోపల, బయట నక్షత్రం బిళ్ల ఒకేలా ఉండాలి. బిళ్ల కోలగా మారి, రెండో వైపు 90 డిగ్రీలు తిరిగితే ఫూకోకు చిక్కని ఆ వంపు బయటపడినట్టే. ట్రాకింగ్ (నక్షత్రం వెంట టెలిస్కోపును తిప్పే మోటారు) లేనివాళ్లను ధ్రువ నక్షత్రం చూడమంటారు, అది కదలదు కాబట్టి. హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంత కింద గాలి అల్లల్లాడుతూ బిళ్లను నిలవనివ్వదు. చేత్తో తోసుకుంటూనైనా సరే, నడినెత్తికి దగ్గరగా వచ్చిన స్వాతినో అభిజిత్తునో చూడటం మేలు. అల్యూమినియం కోటింగ్ వేయించకముందే చూడండి: పూత లేని గాజు 4 శాతం వెలుతురునే తిప్పి పంపినా, అంత ప్రకాశవంతమైన నక్షత్రాలకు అది సరిపోతుంది, తేడా ఉంటే మళ్లీ పాలిష్‌కు కూర్చోవచ్చు.