ముందు పేజీని కొలవండి, తర్వాత పలక కొనండి

శ్రోతలకు నమస్కారం.

కొత్త ట్యాబ్ వచ్చిందంటే చాలు, ప్రాసెసర్ ఏది, స్క్రీన్ ఎన్ని హెర్ట్జ్, ర్యామ్ ఎంత అని ఆరా తీసే అభిమానులు మన చెన్నైలో తక్కువేం కాదు. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లోకి ఏ సాయంత్రం వెళ్లినా తెలుగు, తమిళం కలగలిసి ఆ మాటలే వినిపిస్తాయి. ఆ ప్రశ్నలు అనవసరమని అనను. కానీ చదువుకోవడానికి పలక, అంటే ట్యాబో, పుస్తకాలు చదవడానికే చేసిన ఈ-రీడరో, కొనేవాళ్లు వాటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మీరు రోజూ చదివే పేజీ సైజు ఎంత? అది ఏ రకం ఫైలు? ఈ రెండూ తెలిస్తే ట్యాబా, ఈ-రీడరా అన్న తగువు సగం తీరిపోతుంది.

ఇంట్లో స్కేలు ఉంటే చేతిలోకి తీసుకోండి. పోటీ పరీక్షల మెటీరియల్, ఆఫీసు కాగితాలు, కాలేజీ నోట్సు ఎక్కువగా ఏ4 సైజులో ఉంటాయి. అంటే వెడల్పు 210 మిల్లీమీటర్లు. 6 అంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు 91 మిల్లీమీటర్లే. పేజీ వెడల్పు మొత్తం అందులో పట్టాలంటే 43 శాతానికి కుదించుకుపోవాలి. కాగితం మీద 12 పాయింట్లున్న అక్షరం తెర మీద 5 పాయింట్లకు దిగుతుంది. ఇంగ్లిషయితే కళ్లు చికిలించుకుని ఎలాగో నెట్టుకురావచ్చు. తెలుగు అలా కుదరదు. మన అక్షరానికి పైన తలకట్టు, కింద ఒత్తు ఉంటాయి. 5 పాయింట్లలో ఆ ఒత్తు ఒక చుక్కలా మిగులుతుంది, అది తవత్తో నవత్తో పోల్చుకోలేం. రీడర్‌ని అడ్డంగా తిప్పితే అక్షరం 7 పాయింట్లవుతుంది గానీ, పేజీ రెండు ముక్కలవుతుంది. పట్టిక ఒక ముక్కలో, దాని శీర్షిక ఇంకో ముక్కలో పడతాయి. అదే 10.3 అంగుళాల ఈ-రీడర్‌లోనో, 11 అంగుళాల ట్యాబ్‌లోనో చూస్తే అక్షరం 9 పాయింట్లుంటుంది. హాయిగా చదవొచ్చు. కాబట్టి ఏ4 పీడీఎఫ్‌లు చదివేవాళ్లు 6, 7 అంగుళాల రీడర్ల జోలికి పోవద్దు. ఎంత తక్కువకు వచ్చినా సరే.

పాత తెలుగు పుస్తకాల సంగతి వేరు. 1854లో చెన్నపట్నంలో మొదలైన వావిళ్ల వారి ముద్రణాలయం లాంటి చోట్ల అచ్చయిన పుస్తకాలు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించినవి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. డెమ్మీ సైజు పుస్తకంలో చుట్టూ ఉన్న ఖాళీ అంచులు తీసేస్తే అచ్చున్న భాగం సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. 7 అంగుళాల రీడర్ తెర 107 మిల్లీమీటర్ల వెడల్పు, 142 మిల్లీమీటర్ల పొడవు. అంటే అసలు అచ్చులో దాదాపు 90 శాతం సైజులో కనిపిస్తుంది. అంచులు కత్తిరించకుండా ఫైలు ఎక్కించేసి, అక్షరాలు చిన్నవని రీడర్‌ని మూలన పడేసేవాళ్లు చాలామంది. కేటూపీడీఎఫాప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అంచులు మాత్రమే కత్తిరించే మోడ్ ఉంది, అది వాడండి. అదే సాఫ్ట్‌వేర్ వరుసల్ని ముక్కలు చేసి పెద్దక్షరాలతో మళ్లీ పేర్చగలదు కూడా. కాకపోతే తెలుగుకి ఆ పద్ధతి వాడితే ఒత్తులు పై వరుస నుంచి విడిపోయాయేమో నాలుగైదు పేజీలు తిప్పి చూసుకోవాలి.

ఇంకొక చిక్కు. పాత పుస్తకాల కాగితం పసుపెక్కి ఉంటుంది. ట్యాబ్‌లో అది పసుపుగానే కనిపిస్తుంది, ఇబ్బంది లేదు. నలుపు తెలుపు రీడర్‌లో ఆ పసుపు బూడిదరంగుగా మారి, బూడిద మీద నల్లక్షరాలు మసకబారతాయి. స్కాన్‌ని ముందే కంప్యూటర్‌లో పూర్తి నలుపు తెలుపుకి మార్చి ఎక్కించడం మేలు. రీడర్‌లో కాంట్రాస్ట్ పెంచే సదుపాయం ఉంటే అదైనా వాడుకోవాలి.

ఇక స్కాన్ కాని ఫైళ్లు. ఇక్కడ తెలుగు పాఠకుడికి ఎదురయ్యే కష్టం ఇంగ్లిషు పాఠకుడికి తెలియదు. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో పుస్తకాలు తయారయ్యాయి. అవి యూనికోడ్, అంటే అన్ని పరికరాలూ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర సంకేతాలు, వాడే ఫాంట్లు కావు. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలిసిన గజిబిజి వస్తుంది. అలా వచ్చిందంటే ఆ పుస్తకంలో అక్షరం సైజు పెంచడం, పదం వెతకడం, చదివి వినిపించమనడం ఏ పరికరంలోనూ కుదరదు. దాన్ని బొమ్మగానే చూడాలి, కాబట్టి పెద్ద తెర కావాలి. కాపీ చేస్తే తెలుగే వచ్చిందంటే యూనికోడ్ ఫైలు. తెలుగు వికీసోర్స్‌లో సరిచూసిన పుస్తకాలు ఈపబ్ అనే ఈ-బుక్ రూపంలో దించుకోవచ్చు, అవి యూనికోడ్‌లోనే ఉంటాయి. ఈపబ్ అయితే 6 అంగుళాల రీడర్ కూడా చాలు, అక్షరం మీకు కావలసినంత పెంచుకోవచ్చు.

అయితే యూనికోడ్ అయినంత మాత్రాన అంతా సరిగ్గా కనిపిస్తుందన్న హామీ లేదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని తీసుకుందాం. ఫైలులో అది ఆరు సంకేతాలుగా ఉంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, ఆ తర్వాత దీర్ఘం గుడి. ఈ ఆరింటినీ కలిపి ఒక ముద్దగా గీసే పని ఫాంటు ఒక్కటే చెయ్యలేదు, పరికరంలో దానికోసం ప్రత్యేకమైన ప్రోగ్రామ్ ఉండాలి. అది లేకపోతే స, త, రీ విడివిడిగా, మధ్యలో పొల్లులతో పరుచుకుంటాయి. అసలు ఫాంటే లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. డబ్బాలు కనిపిస్తే ఫాంటు ఎక్కించి బాగుచేసుకోవచ్చు. ఒత్తులు విడిపోతే మాత్రం ఫాంటు మార్చినా ఫలితం ఉండదు. అందుకే కొనేముందు ఒక చిన్న పరీక్ష ఫైలు తయారు చేసుకోండి. అందులో స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, క్షేత్రం, కర్త, ఈ ఐదు పదాలు చాలు. తెరిచి చూస్తే నిమిషంలో సంగతి తేలుతుంది.

అమెజాన్ వారి ఈ-రీడర్ కిండిల్ విషయం విడిగా చెప్పాలి. 2016లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను కిండిల్‌లో తెచ్చింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. ఇది మనసుకి కష్టం కలిగించే మాటే, ఎందుకంటే ఇంతమంది పాఠకులున్న భాష మనది. తెలుగే ఎక్కువగా చదివేవాళ్లు కిండిల్ కొంటే అమెజాన్ దుకాణంలో దొరికే పుస్తకాల మీద ఆశ పెట్టుకోకుండా, తమ దగ్గరున్న ఫైళ్లు అందులో ఎలా కనిపిస్తాయో చూసుకునే కొనాలి. క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈపబ్‌ని కిండిల్ చదవగలిగే ఏజడ్‌డబ్ల్యూ3గా మార్చేటప్పుడు నోటో సెరిఫ్ తెలుగు ఫాంటుని పుస్తకంలోనే పొదగొచ్చు. ఆ ఫైలుని యూఎస్‌బీ కేబుల్‌తో డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో వేసి, ముందు ఆ ఐదు పదాలూ చూడండి. ఇంగ్లిషు నవలలు చదివేవాళ్లకి కిండిల్ చక్కటి పరికరం, అందులో సందేహం లేదు. తెలుగు కోసం ఈ-రీడరే కావాలంటే ఆండ్రాయిడ్‌తో నడిచే ఆనిక్స్ వారి బూక్స్ లాంటివి చూడొచ్చు. వాటిలో ఫోన్‌లోలాగే తెలుగు కుదురుగా కనిపిస్తుంది, మీరు వాడే యాప్‌లు వేసుకోవచ్చు. ధర ఎక్కువ, ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. దిగుమతి సరుకైతే వారంటీ మన దేశంలో చెల్లుతుందా లేదా బిల్లు రాయించుకునేముందే అడగాలి.

ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాని బలాలు, బలహీనతలు రెండూ అర్థమవుతాయి. తెర లోపల తల వెంట్రుకంత సన్నని గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు ద్రవంలో తేలుతుంటాయి. విద్యుత్తు ఒక దిక్కుగా పెడితే తెల్లవి పైకి వస్తాయి, తిరగేసి పెడితే నల్లవి వస్తాయి. ఒకసారి వచ్చాక కరెంటు లేకపోయినా అక్కడే ఉండిపోతాయి. అందుకే లైటు, వైఫై సంగతి పక్కన పెడితే, తెర పేజీ తిప్పినప్పుడే ఛార్జింగ్ వాడుకుంటుంది. రేణువులు కదలాలి కాబట్టి వీడియోలకి పనికిరాదు, వెనకటి పేజీ నీడ లీలగా మిగులుతుంది. సెట్టింగ్స్‌లో పేజ్ రిఫ్రెష్ ఆన్ చేస్తే ప్రతి పేజీకీ తెర ఒకసారి నల్లబడి నీడ పోతుంది. అది పాడైందని కంగారు పడి షాపుకి పట్టుకెళ్లనక్కర్లేదు.

బ్యాటరీ అంకెలు కూడా కాస్త విప్పి చూడాలి. 7 అంగుళాల కిండిల్ పేపర్‌వైట్‌కి 12 వారాలు వస్తుందని చెబుతారు. ఆ లెక్క రోజుకి అరగంట చదివితే, వైఫై ఆపేస్తే, లైటు సెట్టింగ్ 13 దగ్గర పెడితే. 84 రోజులు, రోజుకి అరగంట, వెరసి 42 గంటలు. రోజుకి మూడు గంటలు చదివేవాళ్లకి రెండు వారాలే వస్తుందన్నమాట. అయినా ఐప్యాడ్‌కి చెప్పే 10 గంటలతో పోలిస్తే ఎంతో నయం. బరువు కూడా చూడండి. ఆ పేపర్‌వైట్ 211 గ్రాములు, 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్ 477 గ్రాములు. పినాకినిలో సెంట్రల్ నుంచి విజయవాడ దాకా కూర్చుని చదివే మనిషికి ఒంగోలు వచ్చేసరికి ఆ తేడా మణికట్టుకి తెలుస్తుంది.

చెన్నై ఎండలో మరో లెక్క ఉంది. ఐప్యాడ్ 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని ఆపిలే చెబుతుంది. అగ్ని నక్షత్రం రోజుల్లో మనకి 40 డిగ్రీలు మామూలే. వేడెక్కిన ట్యాబ్ తనంతట తనే వెలుగు తగ్గించుకుంటుంది, ఛార్జింగ్ ఆపేస్తుంది. ఇది లోపం కాదు, బ్యాటరీని కాపాడుకునే ఏర్పాటు. నీడలోకి తీసుకురండి, కేసు విప్పండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. లోపల తేమ చేరుతుంది. మెరీనా ఒడ్డున ఎండలో చదవాలంటే ఈ-ఇంకే సుఖం, ఎండ పడేకొద్దీ తెర స్పష్టమవుతుంది. పేపర్‌వైట్ మంచినీటిలో 2 మీటర్ల లోతున 60 నిమిషాలు తట్టుకుంటుంది. ఉప్పునీటిలో పావు మీటరు లోతున 3 నిమిషాలే. అలల జల్లు పడితే మంచినీటితో కడిగి, ఛార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరాకే కేబుల్ పెట్టాలి.

ఈ-రీడర్లకి నీటికంటే పెద్ద శత్రువు ఒత్తిడి. తెర వెనక పల్చటి గాజు ఉంటుంది. బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన పెట్టి సబర్బన్ రైల్లో తోసుకుంటూ ఎక్కితే పైకి గీత కూడా పడకుండా లోపలి గాజు చిట్లుతుంది. సగం తెర మారడం మానేసి, పాత పేజీ ముక్క అక్కడే నిలిచిపోతుంది. తెర మార్పిడికి దాదాపు కొత్త రీడర్ ఖరీదవుతుంది. గట్టి అట్ట ఉన్న కవరు మొదటి రోజే కొనుక్కోండి.

రంగుల ఈ-రీడర్ల మీద మోజు పెరుగుతోంది. కెలీడో 3 అనే రంగుల ఈ-ఇంక్ తెరలో నలుపు తెలుపు అంగుళానికి 300 చుక్కలుంటే, రంగు 150 చుక్కలే. రంగుల జల్లెడ ఒకటి పైన పరిచి ఉంటుంది కాబట్టి తెల్ల కాగితం కాస్త చీకటిగా కనిపిస్తుంది. మార్కర్‌తో గీతలు గీసుకోవడానికి బాగుంటుంది. పిల్లల బొమ్మల పుస్తకాలకి, బయాలజీ పటాలకి ట్యాబే సరైనది.

ట్యాబ్ తీసుకునేవాళ్లు మూడు విషయాలు చూడాలి. ర్యామ్ 4 ప్లస్ 4 అని రాస్తే అసలు ర్యామ్ 4 జీబీయే, మిగతాది స్టోరేజీలోంచి అరువు. 200 పేజీల స్కాన్ ఫైలు అందులో నత్తనడక నడుస్తుంది. వైడ్‌వైన్ ఎల్1, అంటే సినిమాలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు, లేని ట్యాబ్‌లో ఓటీటీ సినిమాలు హెచ్‌డీలో రావు. వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు, దారి చూసుకోవడానికి కొంటే సిమ్ వేసుకునే మోడలే తీసుకోవాలి. చూపు మందగించిన పెద్దవాళ్ల కోసమైతే ఆండ్రాయిడ్ ట్యాబ్ మంచిది. తెలుగు యూనికోడ్ పాఠాన్ని అది పైకి చదివి వినిపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఐప్యాడ్ అయితే డబ్బు ఇచ్చేముందు పాత యజమాని అకౌంటు తీసేశాడా అని ఎదురుగానే రీసెట్ చేయించి చూడాలి. కిండిల్ అయితే మీ అకౌంటుతో రిజిస్టర్ అవుతుందో లేదో అక్కడికక్కడే చూడాలి.

కొత్తది ఇంటికి తెచ్చిన రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి, రీడర్ లైటు బాగా తగ్గించి, ఖాళీ పేజీ తెరవండి. కింది అంచున వెలుగు చారలుగా పడుతోందా, ఒక పక్క పసుపుగా ఇంకో పక్క నీలంగా ఉందా చూడండి. నాలుగు మూలలూ వేలితో తాకండి. మీ ఏ4 పీడీఎఫ్ ఒకటి, పాత స్కాన్ ఒకటి, ఐదు పదాల ఫైలు ఒకటి తెరిచి తలా పది నిమిషాలు చదవండి. మార్చుకునే గడువు అయ్యేదాకా పెట్టె, ప్లాస్టిక్ కవరు, బిల్లు పారేయకండి.