పెట్టె మూసే ముందు

అక్క: నమస్కారం. ఈ వారం మన మాటలు స్టూడియోలోంచి కాదు, హైదరాబాదులో మా అమ్మావాళ్ల ముందుగదిలోంచి వస్తున్నాయి. నా ఎదురుగా ఒక పెట్టె తెరిచి ఉంది. మా తమ్ముడు శుక్రవారం కెన్యా వెళుతున్నాడు. విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము అనే ఊరు. అక్కడి బడుల్లో తాగునీరు, మరుగుదొడ్ల పనులు చూసే ఒక స్వచ్ఛంద సంస్థలో మూడు నెలల ఇంటర్న్‌షిప్. కొన్నేళ్ల కిందట నేనూ ఆ ఊళ్లోనే పనిచేసి వచ్చాను. నాలుగు రోజులే ఉంది కదా, ఎంతవరకు వచ్చిందిరా?

తమ్ముడు: కాగితాలన్నీ సిద్ధం. బట్టలు సర్దేశాను. పెట్టె మాత్రం 26 కిలోలు తూగుతోంది అక్కా. 23 దాటకూడదు.

అక్క: దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పసుపు పుస్తకం ఇలా ఇవ్వు.

తమ్ముడు: ఇదిగో. మూడు వారాల కిందట నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు వెళ్లి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాను.

అక్క: వినేవాళ్లు ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఎంత పరుగెత్తినా, ఎంత డబ్బు పెట్టినా చివరి వారంలో కుదరని పని ఇది. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ ధ్రువపత్రం చెల్లదు. కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు దాన్ని అడిగేది మన దేశమే. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఒక్కసారి వేయించుకుంటే చాలు, 2016 జులై నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతోంది. పాస్‌పోర్టు నంబరు సరిపోయింది. తేదీ, స్టాంపు ఉన్నాయి. దీన్ని పెట్టెలో వేయకు, నీ భుజానికి తగిలించుకునే సంచిలోనే ఉండాలి.

తమ్ముడు: మలేరియా మాత్రలూ అందులోనే పెట్టాను. డాక్టరు గారు అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్ర రాశారు. గురువారం రాత్రి అన్నం తిన్నాక మొదలు. రోజుకొకటి. అక్కడి నుంచి వచ్చేశాక ఇంకో ఏడు రోజులు.

అక్క: ఆ చివరి ఏడు రోజులే చాలామంది వదిలేస్తారు. ఇంటికి వచ్చేశాం కదా, ఇంకెందుకులే అనిపిస్తుంది. సరస్సు చుట్టుపక్కల ఏడాది పొడవునా మలేరియా ఉంటుంది. 2019లో పసిపిల్లలకు మలేరియా టీకా వేయడం మొదలుపెట్టిన మూడు దేశాల్లో కెన్యా ఒకటి, అదీ ఆ పడమటి ప్రాంతంలోనే. అక్కడి తల్లులు ఆ జ్వరానికి ఎంత భయపడతారో నేను చూశాను. మాత్ర మానకు నాన్నా.

తమ్ముడు: మాననక్కా.

అక్క: బూట్లకు చుట్టిన ఈ కవరు తీసెయ్. 2017 ఆగస్టు నుంచి అక్కడ ప్లాస్టిక్ క్యారీ సంచులు నిషేధం. డాలర్లు నలగని కొత్త నోట్లే పట్టుకెళ్లు, పాతవి చాలా చోట్ల తీసుకోరు. దిగగానే పాస్‌పోర్టు చూపించి సిమ్ కొనుక్కుని ఎం-పెసా తెరిపించుకో. టమాటాలు అమ్మే ఆవిడ కూడా ఫోనులోనే డబ్బు తీసుకుంటుంది. సరే, ఇప్పుడు ఆ మూడు కిలోలు. ఈ గుడ్డసంచిలో ఏమున్నాయి?

తమ్ముడు: బడి పిల్లలకు. రంగు పెన్సిళ్లు, చాక్లెట్లు. స్నేహితులు ఇచ్చిన టీషర్టులు కూడా, అన్నీ ఉతికినవే.

అక్క: నీ మనసు నాకు తెలుసు. నేనూ మొదటిసారి రెండు కిలోల చాక్లెట్లు పట్టుకెళ్లాను. మొదటి రోజు పంచాను. రెండో రోజు గంట కొట్టాక కూడా పిల్లలు తరగతిలోకి వెళ్లలేదు, కంచె పట్టుకుని నా కోసం చూస్తూ నిలబడ్డారు. వాళ్ల టీచరు ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. మూడు నెలలకు వెళ్లిపోయే నా కోసం, ఏళ్ల తరబడి అక్కడే ఉండే ఆవిడ మాటను పిల్లలు పక్కన పెట్టారు. ఆ రోజు ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

తమ్ముడు: మరి పెన్సిళ్లు?

అక్క: అక్కడి కొట్లో దొరుకుతాయి. చిన్న కొట్టును దుకా అంటారు, మన దుకాణమే. బీమాను బీమా అనే అంటారు. వేల మంది మన దేశపు కూలీలు కష్టపడి వేసిన రైలుమార్గం 1901లో చేరింది ఆ ఊరికే. కావలసింది ఏమైనా ఉంటే ఆ దుకాలో కొను, బడి ముందే ఆ దుకా నడుపుకునే మనిషికీ నాలుగు డబ్బులు వస్తాయి. ఇక పాత బట్టలా, కిబుయే సంతకు వెళ్లి చూడు, గుట్టలుగా పోసి అమ్ముతుంటారు. అసలు సంస్థవాళ్లను ఏమి తెమ్మంటారో అడిగావా?

తమ్ముడు: అడిగాను. ఏమీ వద్దన్నారు. నాకంటే ముందు పనిచేసిన అమ్మాయి రాసి పెట్టిన వివరాలు పంపారు, 22 పేజీలు. అవి చదివి రమ్మన్నారు.

అక్క: చదివావా?

తమ్ముడు: ఆరు పేజీలు. పెట్టె పనిలో పడి...

అక్క: తియ్యి. ఇప్పుడే చదువు. తొమ్మిదో పేజీ పైకి చదువు.

తమ్ముడు: ఒక బడిలో చేతులు కడుక్కునే కుళాయిలు పెద్ద పిల్లల ఎత్తుకు బిగించారట. ఒకటో తరగతి పిల్లలకు అందక, ఇటుకల మీద ఎక్కి తిప్పుతున్నారట. వాన పడినప్పుడు ఇటుకలు జారి ఒక పాప మోచేయి చీరుకుపోయింది. కింద ఒక చిన్న బొమ్మ గీసింది. కుళాయి ఎంత ఎత్తులో ఉంది, పాప చెయ్యి ఎంతవరకు వస్తోంది, రెండూ అంకెలతో వేసింది. ఆ పని అయిందో లేదో రాయలేదక్కా.

అక్క: కనుక్కో. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇప్పుడు ఇక్కడ ఆరున్నర, వాళ్లు ఇంకా ఆఫీసులోనే ఉంటారు.

తమ్ముడు: చేస్తాను. కొలిచే టేపు ఒకటి పెట్టుకోనా?

అక్క: అది పెట్టుకో. ఆ గుడ్డసంచి ఇలా ఇవ్వు, పెన్సిళ్లు మన వీధి చివర బడిలో అడిగి చూస్తాను. ఇంకొక్క మాట, పిల్లల ఫొటోలు తల్లిదండ్రులు, టీచరు ఒప్పుకోకుండా తీయకు. అమ్మా, ఆ ఎండు కొబ్బరి చిప్పలు పెట్టవద్దు! నూనె ఎక్కువ, నిప్పు అంటుకుంటుందని విమానంలో ఒప్పుకోరు. గోంగూర పచ్చడి పెట్టు, మూత బిగించి గుడ్డ చుట్టి. ఇప్పుడు తూచరా.

తమ్ముడు: 22 కిలోల 800. ఉండక్కా, ఫోను కలిసింది.